గుండమ్మ కథ మాటలు పింగళి రాసినవేనా?

కాదండీ, గుండమ్మ కథ (1962) మాటలు డి.వి.నరసరాజు గారివి, పింగళి నాగేంద్రరావు గారు ఆ సినిమాకి రాసింది పాటలు మాత్రమే.

అసలు ఈ డౌట్ ఎందుకొస్తుందంటే, అప్పట్లో మద్రాసులో స్టూడియో పద్ధతి వేరు, ఈ సినిమా తీసిన విజయా సంస్థకి విజయా వాహినీ స్టూడియో ఉండేది, అక్కడ చాలామంది నెలజీతం మీద ఒకే కంపెనీకి పనిచేసేవాళ్ళు, సినిమా మారినా టీమ్ దాదాపు అదే, కానీ ఎవరు ఏం రాయాలన్నది మాత్రం సినిమాని బట్టి మారిపోయేది.

విజయావారి మిస్సమ్మనే (1955) తీసుకోండి, మాటలు చక్రపాణి గారివి, పాటలు పింగళివి. రెండేళ్ళకే వచ్చిన మాయాబజార్‌లో మాటలూ పాటలూ రెండూ పింగళివే, అసమదీయులు తసమదీయులు లాంటి మాటలు పుట్టింది అక్కడే. నాటకాలు రాసి రాసి వచ్చిన చెయ్యి అది, మాట పుట్టించడంలో ఆయనకి సాటి లేరు, ఇది మాత్రం గట్టిగా చెప్తా.

చాలామంది పొరపాటు పడేది ఎక్కడంటే, విజయావారి సినిమా అంటే చాలు మాటలు పింగళివే అనేసుకుంటారు. పాతాళభైరవికి (1951), జగదేకవీరుని కథకి (1961) అది నిజమే, కానీ అన్నిటికీ కాదు. దానివల్ల నరసరాజు గారికి, చక్రపాణి గారికి రావాల్సిన పేరు రాకుండా పోతోంది. టైటిల్స్‌లో మాటలు, పాటలు ఎవరివో విడివిడిగా వేస్తారు, అక్కడ చూస్తే తెలిసిపోతుంది.