డ్రీమ్‌కాస్ట్‌ను వీజీఏ మానిటర్‌కి కలపడానికి కన్వర్టర్ అక్కర్లేదు

మీ దగ్గర అమెరికా నుంచి వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్ గేమ్ కన్సోల్ ఉంది, వీజీఏ సాకెట్టు ఒక్కటే ఉన్న పాత మానిటర్ ఉంది, పసుపు ప్లగ్గు పెట్టే కన్వర్టర్ కొంటే బొమ్మ మసకగా వస్తోంది, సోల్డరింగ్ కొంచెం వచ్చు కాబట్టి అడాప్టర్ ఇంట్లోనే చేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చు. మా బావ డల్లాస్ నుంచి తెచ్చిన డ్రీమ్‌కాస్ట్‌కి నేనిలాగే చేశాను, ఇప్పటికీ పనిచేస్తోంది.

ముందు కరెంటు సంగతి. అమెరికా మోడల్ 120 వోల్టులది, మన 230లో నేరుగా పెడితే లోపలి పవర్ సప్లై కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకపోతే మిగతా పని మొదలుపెట్టొద్దు.

కన్వర్టర్‌తో మసక ఎందుకంటే, పసుపు వైరులో వెలుగూ రంగూ కలిసిపోయి వస్తాయి, వాటిని మళ్ళీ విడదీసి, టీవీ తెర మీద గీతలు గీసే వేగమైన 15.7 కిలోహెర్ట్జ్ నుంచి మానిటర్‌కి కావలసిన 31.5కి మార్చాలి, చవక కన్వర్టర్ ఆ పని సరిగ్గా చేయలేదు. డ్రీమ్‌కాస్ట్‌కి అసలు ఆ తిప్పలే లేదు. 1998లో జపాన్‌లో వచ్చినప్పటి నుంచీ దానిలోనే 640×480 వీజీఏ సిగ్నల్ ఉంది. వెనక టీవీ కేబుల్ పెట్టే ఏవీ (ఆడియో, వీడియో) కనెక్టర్‌లో 6, 7 పిన్నులను గ్రౌండ్‌కి కలిపితే "వీజీఏ కేబుల్ పెట్టారు" అని కన్సోల్ అనుకుని ఆ మోడ్‌లోకి వెళ్తుంది. అందుకే మనం చేసేది కన్వర్టర్ కాదు, వైరింగే. (మొదటి ప్లేస్టేషన్‌కి ఇదే పని చేద్దామనుకోకండి, అది ఇచ్చేది 15.7 కిలోహెర్ట్జే, మానిటర్ తీసుకోదు.)

కేబుల్ కోసి చేద్దామని నేనూ మొదట అనుకున్నాను. కోసి చూస్తే కన్సోల్‌తో వచ్చిన కేబుల్‌లో పసుపు వీడియోకీ, ఆడియోకీ, గ్రౌండ్‌కీ తప్ప మిగతా పిన్నులకు వైర్లే లేవు. అందుకని కన్సోల్ విప్పి, బోర్డు మీద ఏవీ కనెక్టర్ కాళ్ళకే వైర్లు అతికించి, డబ్బాకి ఒక 15 పిన్నుల వీజీఏ సాకెట్టు బిగించాను. కింద నాలుగు స్క్రూలు ఉంటాయి, వాటిలో ఒకటి మోడెమ్ కింద దాక్కుంటుంది, మోడెమ్ లాగేస్తేగానీ కనపడదు. పవర్ సప్లై బోర్డు లోపల మూత లేకుండా ఉంటుంది, ప్లగ్గు తీసి చాలాసేపు ఆగండి, ఆ తర్వాత కూడా దాని మీద చెయ్యి పెట్టొద్దు.

ఎర్ర, ఆకుపచ్చ, నీలం లైన్లలో ఒక్కోదానికి 220 మైక్రోఫారడ్ కెపాసిటర్, ప్లస్ కాలు కన్సోల్ వైపు. అవి సిగ్నల్‌తో పాటు వచ్చే డీసీని ఆపుతాయి. కెపాసిటర్ దాటాక వీజీఏలో 1, 2, 3కి వెళ్తాయి, వాటి గ్రౌండ్లు 6, 7, 8. గీత ఎక్కడ మొదలవుతుందో మానిటర్‌కి చెప్పే హెచ్ సింక్ 13కి, బొమ్మ ఎక్కడ మొదలవుతుందో చెప్పే వీ సింక్ 14కి, నేను నేరుగానే కలిపాను. మానిటర్‌లో స్పీకర్ ఉండదు కాబట్టి ఆడియోని ఒక 3.5 ఎంఎం సాకెట్టుకి తీసుకెళ్ళండి. సామాను అంతా కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క షాపులోనే దొరికింది.

నేను పొరపడింది పిన్నుల వరుస దగ్గర. నేను చూసిన పిన్నుల పట్టిక కనెక్టర్‌ని బయట నుంచి చూసినట్టు గీసి ఉంది, నేను బోర్డు వెనక నుంచి అతికిస్తున్నాను, అంటే అంతా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. అదే కనెక్టర్‌లో 4లో 12 వోల్టులు, 5లో 5 వోల్టులు ఉంటాయి, వాటిని గ్రౌండ్‌కి కలిపితే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే. పవర్ ఇచ్చే ముందు అనుమానం వచ్చి చూశాను కాబట్టి సరిపోయింది. మీరు ఇలా చేయండి: ఏవీ కేబుల్‌ని కన్సోల్‌కి పెట్టి, ప్లగ్గు తీసేసే ఉంచి, ఎర్ర, తెల్ల ఆడియో ప్లగ్గుల్లో ఒక్కోదాని నడుమ ఉండే సూదికీ బోర్డు కాళ్ళకీ మల్టీమీటర్ బీప్ పెట్టి చూడండి. మోగిన రెండూ 2, 3. ఇక లెక్క తప్పదు. అన్నీ అతికించాక 4, 5 కాళ్ళకీ పక్క కాళ్ళకీ మధ్య బీప్ రాకూడదు, అది చూడకుండా స్విచ్ వేయొద్దు.

మొదటిసారి వేస్తే బొమ్మ అంతా ముదురు గులాబీ రంగులో వచ్చింది, ఆకుపచ్చ లైను దగ్గర డ్రై సోల్డర్, అంటే సరిగ్గా అతుక్కోలేదు. మళ్ళీ వేడి చేసి కొత్త సోల్డర్ పెడితే అక్షరం అక్షరం కోసినట్టు స్పష్టంగా వచ్చింది. ఆ తేడా చూశాక పసుపు వైరు వైపు మళ్ళీ పోలేదు.

6, 7 రెండింటినీ కలిపి గ్రౌండ్‌కి వెళ్ళే దారిలో చిన్న స్విచ్ తప్పకుండా పెట్టండి. కొన్ని గేములు మొదట్లోనే కేబుల్ చూసి, వీజీఏ అయితే నడవనని మెసేజ్ ఇస్తాయి. వాటికి స్విచ్ ఆఫ్‌లో ఉంచి మొదలుపెట్టి, గేము లోడ్ అవుతుండగా ఆన్ చేస్తే కొన్ని వస్తాయి, అన్నీ రావు. మానిటర్ వెడల్పాటిది అయితే దాని మెనూలో 4:3 పెట్టుకోండి, లేకపోతే మనుషులు పక్కలకు సాగిపోతారు.

బోర్డు వెనక వైపు ఫోటో పెడితే, ఒకటో పిన్ను ఏ కొసన ఉందో చూసి చెబుతాను, అంతవరకు సోల్డర్ వేయకండి.