పికప్ హెడ్‌లైట్లు మసకేస్తే: రుద్దాలా, మార్చాలా?

పన్నెండేళ్ల పాత పికప్, రెండు హెడ్‌లైట్లూ పచ్చబడి మసకేశాయి, షాపులో కొత్త డూములే (పైన కవరుతో కలిపి మొత్తం లైటు) వేసుకోమంటున్నారు, రుద్దితే సరిపోతుందా అని కదా మీరు అడిగింది. చాలావరకు సరిపోతుందండి. కానీ డబ్బు తీసే ముందు ఒక చెంబుడు నీళ్లు పట్టుకుని బండి దగ్గరికి వెళ్లండి.

డూమ్ మీద నీళ్లు పోసి చూడండి. తడిగా ఉన్నంతసేపూ లోపలి బల్బు స్పష్టంగా కనిపించి, ఆరగానే మళ్లీ మసకేస్తే జబ్బు పైపొరలోనే ఉంది, రుద్దితే పోతుంది. తడిపినా లోపల పొగ పట్టినట్టే ఉంటే చెమ్మ చేరిందనో, రిఫ్లెక్టర్ పోయిందనో అనుకోవాలి, దాన్ని పైనుంచి ఎంత రుద్దినా మీ చేతులే నొప్పి పుడతాయి. గోరుతో కూడా ఒకసారి కొట్టి, అది గాజో ప్లాస్టిక్కో చూడండి. మరీ పాత బళ్లకి గాజు ఉంటుంది, గాజు పచ్చబడదు, దాన్ని వాటర్ పేపర్‌తో (నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దారంటే ఉన్న అద్దం కూడా పాడవుతుంది.

నాది పాలకొల్లు పక్క. బండికి పదమూడేళ్లు. రొయ్యల పట్టుబడులున్నప్పుడు ఐసు పెట్టెలు, లేనప్పుడు కొబ్బరికాయలు, ఏదైనా సగం పని రాత్రిపూటే. రెండేళ్ల కిందట దాళ్వా కోతలప్పుడు కాలువ గట్టు రోడ్డు మీద వస్తున్నాను, ఎదురుగా బండి వస్తోందని డిమ్ కొట్టాను. రోడ్డు మీద ధాన్యం రాశి, పైన నల్ల బరకం, చుట్టూ రాళ్లు. పది గజాల దగ్గరికొచ్చేదాకా అది నా కంటికి రోడ్డులాగే ఉంది. బ్రేకు తొక్కితే వెనక పెట్టెలన్నీ వచ్చి క్యాబిన్‌ని గుద్దాయి. రాశి పక్కన మంచం వేసుకుని పడుకున్న పెద్దాయన లేచి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. రోడ్డు మీద ధాన్యం మా వైపు కొత్తేం కాదు, నాకు కనపడకపోవడమే కొత్త.

మర్నాడు మా బావమరిది టూత్‌పేస్ట్ తెచ్చి రుద్దాడు. అద్దంలా మెరిసింది, నిజం. మూడు వారాలకి మళ్లీ అదే పచ్చ. ఎందుకంటే ఇది గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. ఎండలోని అల్ట్రావయొలెట్ తగిలితే చెడిపోతుందని కంపెనీలోనే పైన గట్టి పూత వేస్తారు. ఏళ్ల తరబడి ఎండకి ఆ పూత చచ్చి, పొరలు లేచి, కింద ప్లాస్టిక్ పచ్చబడుతుంది. నా బండి ఇంటి ముందు పడమటి ముఖంగా ఉంటుంది, కుడివైపు డూమ్ మీద కొబ్బరిచెట్టు నీడ పడుతుంది, అందుకే ఎడమది దానికి రెండింతలు పచ్చబడింది. పేస్టుతో రుద్దితే మిగిలిన కాస్త పూత కూడా పోతుంది, కొత్త పూత మాత్రం రాదు. కాబట్టి రుద్దడం సగం పనే, పైన క్లియర్ కోట్, అంటే రంగులేని పారదర్శక పూత వేస్తేనే పని అయినట్టు.

నేను చేసిన తీరు చెబుతాను. చుట్టూ పెయింటుకి మాస్కింగ్ టేప్ రెండు వరసలు వేశాను. పెయింట్ల షాపులో వాటర్ పేపర్ 600, 1000, 1500 నంబర్లు కొని, బకెట్ నీళ్లలో నానబెట్టి, ముందు 600తో అడ్డంగా రుద్దాను. ఇక్కడ కారే నీళ్లని చూస్తూ ఉండండి. మొదట మజ్జిగలో పసుపు కలిపినట్టు పచ్చగా కారతాయి, అది చచ్చిన పూత. రుద్దగా రుద్దగా తెల్లగా కారడం మొదలైతే పూత మొత్తం పోయిందన్నమాట. చాలామంది పచ్చ నీళ్ల దగ్గరే చేతులు నొప్పెట్టి ఆపేస్తారు, తర్వాత మచ్చలు మచ్చలుగా వచ్చిందని గోల పెడతారు. అప్పుడు 1000తో నిలువుగా, 600 గీతలు ఒక్కటీ కనపడనంతవరకు, ఆ తర్వాత 1500తో మళ్లీ అడ్డంగా. ఒక్కో డూమ్‌కి ముప్పావు గంట పట్టింది. అయ్యాక చూస్తే డూమ్ పాలగాజులా తయారైంది, మా ఆవిడ చూసి ఉన్నది కూడా పోగొట్టారా అంది. కంగారు పడకండి, నీళ్లు పోసి చూడండి, తడిలో స్పష్టంగా ఉంటే క్లియర్ పడ్డాక కూడా అలాగే ఉంటుంది.

క్లియర్ కొట్టడం నేను చేయలేదు. తెలిసిన పెయింటర్ మేస్త్రి దగ్గరికి తీసుకెళ్తే, కారుకి కొట్టే, గట్టిపడడానికి హార్డెనర్ కలిపే క్లియర్‌లో మిగిలింది కొట్టిచ్చాడు, నాలుగు వందలు తీసుకున్నాడు. మొదటి కోటు మంచు పడ్డట్టు పల్చగా, పది నిమిషాలాగి రెండోది కాస్త తడిగా. ఆ హార్డెనర్ ఊపిరితిత్తులకి మంచిది కాదు, మీరే కొడితే సరైన మాస్క్ పెట్టుకుని బయట గాలిలో కొట్టండి, గుడ్డ కట్టుకుంటే చాలదు. ముసురు పట్టిన రోజున, పొద్దున్నే మంచులో అసలొద్దు, మన డెల్టా చెమ్మకి క్లియర్ తెల్లబారుతుంది. కొట్టే ముందు సెల్‌ఫోన్ రిపేర్ షాపుల్లో వాడే ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడవండి. థిన్నర్, పెట్రోలు మాత్రం తగలనివ్వకండి, ఆ ప్లాస్టిక్ సన్నటి పగుళ్లు తేలుతుంది. రెండేళ్లయింది, నావి ఇంకా తెల్లగానే ఉన్నాయి.

అయితే నా అసలు తప్పు వేరే ఉంది. డూములు మెరుస్తున్నా కుడివైపు వెలుగు ఎర్రగానే ఉండిపోయింది. ఎలక్ట్రీషియన్ ఇంజిన్ ఆన్‌లో ఉంచి మీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, బల్బు దగ్గర 11.9. ఐసు పెట్టెల ఉప్పునీళ్లు కారి కారి, వైరుని బండి బాడీకి కలిపే ఎర్త్ బోల్టు తుప్పు పట్టి కూర్చుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పడిపోతుంది, అలాంటిది నాకు అంతకన్నా ఎక్కువే తగ్గింది. బోల్టు విప్పి, గీకి, గ్రీజు రాసి బిగిస్తే సరిపోయింది. దీనికి పైసా ఖర్చు లేదు, కాబట్టి ఇది ముందు చూసుకోండి. అంతేగానీ వెలుగు చాలట్లేదని 60/55 వాట్ల బల్బు తీసేసి 100/90 వేయకండి, వేడికి హోల్డర్ కరిగి వైర్లు కాలిన బళ్లు చూశాను. ఎల్‌ఈడీ కిట్లూ అంతే, హాలొజెన్‌కి చేసిన డూమ్‌లో వేస్తే వెలుగు చెల్లాచెదురై ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

ఇంకొకటి, పికప్‌కి లోడు వేస్తే వెనక కుంగి ముందు లేస్తుంది, లైట్లు చెట్ల మీదకి వెళ్తాయి. ఖాళీ బండితో లైట్ల అలైన్‌మెంట్ చేయించి లాభం లేదు. రోజూ వేసే లోడులో సగమైనా వేసి, గోడకి 25 అడుగుల దూరంలో నిలబెట్టి, డిమ్ వెలుగు పై అంచు లైటు ఎత్తుకన్నా కాస్త కిందుండేలా తిప్పించండి.

కొత్త డూములు ఎప్పుడంటే, లోపలి రిఫ్లెక్టర్ వెండి పూత రాలిపోయినా, ప్లాస్టిక్ పగిలినా. లోపల చెమ్మ ఒక్కటే అయితే ముందు వెనకున్న రబ్బరు క్యాప్ చూడండి, ఎలకలు కొరికేసి ఉంటాయి, అది మార్చి డూమ్ విప్పి ఎండలో పెడితే చాలాసార్లు పోతుంది. మార్చాల్సి వస్తే రెండూ ఒకేసారి మార్చండి. చవక డూములు వేసిన మా వీధి ట్రక్కుకి రెండో వేసవికే పచ్చ తేలింది. మీ బండికి పన్నెండేళ్లంటే ఏటా ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) వెళ్లాలి కదా, అక్కడ లైట్లు చూస్తారు, దానికి ముందే ఈ పని పెట్టుకోండి.

నీళ్లు పోసినప్పుడు ఏం కనపడిందో, రెండువైపులా ఒకేలా మసకేశాయో ఎడమ కుడి తేడా ఉందో చూసి రాయండి, పెయింటరా ఎలక్ట్రీషియనా అన్నది అప్పుడు చెబుతాను.