పన్నుల మీద వ్యాసం పంపిన అమ్మాయికి

అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ చివరి వాక్యం దగ్గర నాకు ఒళ్లు మండింది. "పన్నుల తగ్గింపు ఎంతవరకు మేలు చేస్తుందో కాలమే నిర్ణయించాలి" అని ముగించావు. ఇంకా ఏ కాలం నిర్ణయించాలి? 2019 సెప్టెంబర్ 20న కంపెనీల పన్ను తగ్గించారు. అప్పుడు నువ్వు హైస్కూల్లో ఉండుంటావు. కాలం చెప్పాల్సింది చాలావరకు చెప్పేసింది. నువ్వు వెళ్లి అడగలేదు, అంతే.

గోవాలో జీఎస్టీ కౌన్సిల్ సమావేశం ముందు నిర్మలా సీతారామన్ ఆ ప్రకటన చేశారు. మినహాయింపులు వదులుకున్న కంపెనీలకు మూల పన్ను 30 నుంచి 22 శాతానికి, కొత్తగా పెట్టే తయారీ కంపెనీలకు 15 శాతానికి దిగింది. ఏటా 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. 2018-19లో 6.63 లక్షల కోట్లు వచ్చిన కార్పొరేట్ పన్ను మరుసటి ఏడాది 5.57 లక్షల కోట్లకు పడిపోయింది. దీన్ని కరోనా మీదకి తోసెయ్యకు, లాక్‌డౌన్ వచ్చింది ఆ ఆర్థిక సంవత్సరం చివరి వారంలో. తర్వాత వసూళ్లు పెరిగిన మాట నిజమే, 2021-22కల్లా 7 లక్షల కోట్లు దాటాయి. లాభాలు అంతకంటే జోరుగా పెరిగాయి. మరి ఉద్యోగాలు? లాభాలు పెరిగినంతగా నియామకాలు, జీతాలు పెరగలేదని 2023-24 ఆర్థిక సర్వేలో ప్రభుత్వమే రాసుకుంది. నీ వ్యాసానికి వెన్నెముక కావాల్సిన మాట అది. దాని బదులు పేజీకి రెండుసార్లు "నిపుణులు అంటున్నారు" అని రాశావు.

పన్ను గురించి రాసేవాళ్లు రూపాయి వెంట నడవాలి. ప్రభుత్వం వదిలేసిన రూపాయి ఎవరి జేబులో పడింది, అక్కడి నుంచి ఎటు పోయింది, ఎవరికి రాకుండా పోయింది? ఇవి తేలేదాకా "వృద్ధి" అనే మాట నీ కాగితం మీదికి రానివ్వకు.

2005లో మన ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల అమ్మకం మీద వ్యాట్ అనే పన్ను వచ్చినప్పుడు నేను గాంధీరోడ్డులో ఒక స్టీలు సామాన్ల కొట్టులో కూర్చుని రాసుకున్నాను. పన్ను తగ్గిస్తే ఇంకో మనిషిని పెట్టుకుంటావా అని కొట్టాయన్ని అడిగాను. ఆయన మాటల్తో చెప్పకుండా రెండు బిల్లు బుక్కులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి పెళ్లిళ్ల నెలది. అట్ట దాకా అయిపోయి, కార్బన్ కాగితం చిల్లులు పడి ఉంది. రెండోది ఆషాఢం నాటిది. నాలుగు కాగితాలు కూడా చిరగలేదు. "సామీ, బుక్కు అయిపోతా ఉంటే మనిషిని పెట్టుకుంటాను, పన్ను చూసి కాదు" అన్నాడు. ఆ పేరా మొత్తం ఎడిటర్ కొట్టేశాడు. "రెండు వైపులా చెప్పండి, వ్యక్తుల గోల వద్దు" అన్నాడు. వ్యాసం "మిశ్రమ స్పందన" అనే శీర్షికతో అచ్చయింది. నాకు ఇప్పటికీ కడుపు మంటే. నీ తరం ఎడిటర్లకు "మధ్యతరగతికి బంపర్" కావాలి, అంతే తేడా.

ఒక లెక్క నువ్వే వేసి చూడు. కేంద్రం పన్నుల్ని రాష్ట్రాలకు ఎలా పంచాలో చెప్పేది ఆర్థిక సంఘం. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ప్రకారం పంచే పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలది, అందులో మనకు 4.047 శాతం ఉండేది. ఆ 1.45 లక్షల కోట్లను ఈ లెక్కన చూస్తే మన వాటాలో ఏడాదికి ఉజ్జాయింపుగా 2,400 కోట్లు తెగుతుంది. ఢిల్లీలో పన్ను తగ్గితే ఇక్కడి ఆస్పత్రికీ రోడ్డుకీ సెగ తగిలేది ఇలా. పన్ను మీద కేంద్రం అదనంగా వేసే సెస్సులు, సర్‌ఛార్జీల్లో మనకు పైసా రాదన్న సంగతి కూడా చేర్చు.

పన్ను తగ్గించడమే తప్పని నేను అనడం లేదు. 1973-74లో ఈ దేశంలో అన్నిటికంటే పై శ్లాబు ఆదాయం మీద పన్ను 97.75 శాతం. అంత పన్నుంటే డబ్బు దాచుకోక ఏం చేస్తారు? దాన్ని దించడం న్యాయమే. కానీ 97 నుంచి దిగడం వేరు, 30 నుంచి దిగడం వేరు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం 2012లో భారీగా తగ్గించి, బడ్జెట్ నిలవక, గవర్నర్ వద్దన్నా 2017లో చట్టసభే వెనక్కి తీసుకుంది. అదీ రాయి, కానీ రెండు వాక్యాలకు మించకు.

ఎందుకంటే నీ అసలు వ్యాసం మూడో పేజీలో ఉంది. తోతాపురి మామిడి లోడుతో మీ మేనమామ ట్రాక్టర్ గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర రాత్రంతా ఆగిన సంగతి. రెండు వాక్యాల్లో తేల్చేశావు. అవి చదివి చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. 2025 సీజన్లో కిలోకి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తే తప్ప గట్టెక్కని పంట అది. ముందటేడు గుజ్జు అమ్ముడుపోక ఫ్యాక్టరీల్లో నిల్వ ఉండిపోయింది. అలాంటి ఫ్యాక్టరీకి పన్ను తగ్గిస్తే ఇంకో షిఫ్టు నడుపుతుందా? డబ్బాలు కదలందే కొత్తగా కూలీని ఎందుకు పిలుస్తారు? అదే పన్ను డబ్బు ఖజానాలో ఉంటే ఆ 4 రూపాయల్లాంటివి ఇవ్వడానికి పనికొస్తుంది. నీ వాదన అంతా ఆ గేటు దగ్గరే ఉంది తల్లీ.

మామను మళ్లీ అడుగు. టోకెన్ ఎవరిచ్చారు, తూకంలో ఎంత కోశారు, ట్రాక్టర్ బాడుగ ఎంతయింది, డబ్బు ఎప్పుడు చేతికొచ్చింది. బంగారుపాళ్యం మార్కెట్‌కి పొద్దున్నే వెళ్లు. ఫ్యాక్టరీ ఓనర్ మాట్లాడకపోతే లెక్కలు రాసే గుమాస్తాని పట్టుకో, ఆయనకు అన్నీ తెలుస్తాయి. పుస్తకం వేసుకోవడం గురించి అడిగావు, అది తర్వాత చూద్దాం. ఈ వ్యాసం తిరగరాసి పంపు. ఏ పత్రికకూ ఇవ్వకముందే నాకు పంపు.