బీపీటీ పదాలు బుర్రకెక్కడం లేదా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియం. తిరుపతిలో బీపీటీ (ఫిజియోథెరపీ కోర్సు) మొదటి సంవత్సరం చదువుతున్నాను. కండరాలు, నరాల పదాలు రాత్రి బట్టీ పడితే తెల్లారేసరికి ఒక్కటీ గుర్తుండదు. మానేసి డిగ్రీలో చేరమంటారా?

జవాబు: అప్పుడే మానకండి. ఆ పదాల్లో చాలావరకు లాటిన్, గ్రీకు నుంచి వచ్చినవే. ఇంగ్లిష్ మీడియం పిల్లలకూ అవి కొత్తే. మీరు మార్చుకోవాల్సింది చదివే తీరు. జాబితా ముందేసుకుని వల్లెవేయడం ఆపి, తికమక పెట్టే పదాలను జంటలుగా పట్టుకోండి. ఆ తేడా వల్ల రోగి విషయంలో ఏం మారుతుందో చూడండి.

లిగమెంట్ ఎముకను ఎముకతో కలుపుతుంది, టెండన్ కండరాన్ని ఎముకకు పట్టి ఉంచుతుంది. అలిపిరి మెట్లు దిగుతూ చీలమండ మెలితిరిగి లిగమెంట్ దెబ్బతింటే స్ప్రెయిన్. తొడ వెనక కండరమో దాని టెండనో సాగి చిరిగితే స్ట్రెయిన్. ఇంతే.

కష్టమంతా నరాల దగ్గర. కండరాలను కదిలించే నరకణాలే మోటార్ న్యూరాన్లు. వాటిలో అప్పర్ (పై), లోయర్ (కింది) న్యూరాన్ల తేడాకి ఎన్ని రోజులైనా పెట్టండి, వృథా కాదు. మెదడులోనో వెన్నుపాములోనో పై న్యూరాన్ దెబ్బతింటే కొన్నాళ్లకు కండరం బిగుసుకుంటుంది, అదే స్పాస్టిసిటీ. మోకాటి చిప్ప కింద సుత్తితో తడితే కాలు మామూలుకన్నా గట్టిగా ఎగురుతుంది. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తుంది, అది బాబిన్‌స్కీ గుర్తు. వెన్నుపాము నుంచి కండరానికి వెళ్లే కింది న్యూరాన్ దెబ్బతింటే కండరం వదులైపోయి సన్నబడుతుంది, రిఫ్లెక్స్ (తట్టగానే దానంతటదే వచ్చే కదలిక) తగ్గుతుంది. మూతి వంకరపోయిన మనిషిని కనుబొమలు ఎత్తమనండి. నుదుటి ముడతలు రెండు వైపులా పడితే స్ట్రోక్‌ను, అంటే పై న్యూరాన్ దెబ్బను అనుమానించాలి. మూతి పోయిన వైపు నుదురు కూడా కదలకపోతే బెల్స్ పాల్సీలా ముఖనరమే, అంటే కింది న్యూరానే దెబ్బతిని ఉండొచ్చు. రెండింట్లోనూ డాక్టరు వెంటనే చూడాల్సిందే. ఈ పరీక్ష అర్థమైతే అప్పర్, లోయర్ అనే ఆ రెండు పదాలూ ఇక మరపురావు.

పెరీసిస్ అంటే బలం తగ్గడం, ప్లీజియా అంటే పూర్తిగా పోవడం. వీటికి ముందు హెమీ చేరిస్తే ఒక పక్క, పారా అయితే రెండు కాళ్లు, క్వాడ్రీ అయితే కాళ్లూ చేతులూ. ఐదు ముక్కలతో ఆరు పదాలు వచ్చేశాయి చూడండి.

కండరాల బలానికి 0 నుంచి 5 దాకా ఇచ్చే గ్రేడ్లను హాస్టల్లో స్నేహితురాలి చేతి మీద నేర్చుకోండి. భూమ్యాకర్షణకు ఎదురుగా చేయి పూర్తిగా లేస్తే 3. మీరు అదిమినా నిలబడితే ఆ పైవి. పరీక్షల్లో పిల్లలు తడబడేది ఇంకొకటుంది: మెడలో వెన్నుపూసలు 7, నరాల జతలు మాత్రం 8.

తిరుపతిలో చదవడం మీకు కలిసొచ్చే సంగతి. ఎముకల వైద్యానికి బర్డ్, నరాల వైద్యానికి స్విమ్స్ ఆసుపత్రులు ఉన్న ఊరు. చుట్టుపక్కల పల్లెల వాళ్లు “కాలు ఈడుస్తా ఉంది”, “చెయ్యి మొద్దుబారతా ఉంది” అనే చెబుతారు. ఆ మాటల్లో బలం తగ్గిందా, స్పర్శ పోయిందా అని ఆరా తీయడం మీకు చాలామంది కన్నా సులువు. ఇంటర్నల్స్ రెండు అయ్యేదాకా ఇలా చదవండి. అప్పటికీ రోగిని ముట్టుకుని చూడాలన్న ఆసక్తే కలగకపోతే, డిగ్రీ సంగతి అప్పుడు ఆలోచిద్దాం.