గొరక తలలో ఆ తెల్లరాళ్లు ఏమిటి?

ప్రశ్న: గొరక తలకాయ పులుసు పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరి కంచంలో రెండు తెల్లరాళ్లు తేలతాయి. చేప కడిగేటప్పుడు కనపడవు, ఉడికిన తల చిదిమితేనే బయటికొస్తాయి. అది చేప మింగిన రాయని మా అత్తగారు, కాదు చెవి ఎముకని మా అబ్బాయి. అంత పెద్ద సూర చేప (ట్యూనా) తలలో మాత్రం నాకెప్పుడూ అలాంటిది దొరకలేదు. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ అబ్బాయికి ముప్పాతిక మార్కులు వేయొచ్చు. అది చెవిదే, కానీ ఎముక కాదు. ఎముకలో గట్టిదనమంతా కాల్షియం ఫాస్ఫేట్‌ది, ఈ రాయి మాత్రం కాల్షియం కార్బొనేట్, అంటే ముత్యంలోనూ గవ్వలోనూ ఉండే సరుకే. నమ్మకం కుదరకపోతే శుభ్రంగా కడిగి ఆరబెట్టిన రాయి మీద నాలుగు చుక్కల నిమ్మరసం పిండి చూడండి, సన్నటి బుడగలు లేస్తాయి. దీన్ని శాస్త్రంలో ఓటోలిత్ అంటారు, మనం చెవిరాయి అనుకుందాం.

చేపకి బయటికి కనిపించే చెవి లేకపోయినా పుర్రె లోపల, మెదడుకి అటూ ఇటూ, లోచెవులు ఉంటాయి. ఒక్కో చెవిలో మూడు చిన్న తిత్తులు, ఒక్కో తిత్తిలో ఒక్కో రాయి, మొత్తం ఆరు. చాలా సముద్రపు చేపల్లో వీటిలో ఒక జతే పెద్దది, మీ కంచంలో తేలింది ఆ జతే. మిగతా నాలుగూ చిన్నవి కాబట్టి ఎవరూ గమనించకుండా తల తుక్కుతో పాటే పోతాయి.

వినడం ఎలాగంటే, చేప ఒంటి సాంద్రత ఇంచుమించు నీటి సాంద్రతే కాబట్టి శబ్దం వచ్చినప్పుడు నీటితో పాటు చేపా కదులుతుంది, ఒంట్లో కండలన్నీ కదులుతాయి, కానీ నీటికి దాదాపు మూడు రెట్లు సాంద్రత ఉన్న ఈ రాయి మాత్రం అంత తేలిగ్గా కదలదు, కాస్త వెనకబడుతుంది. ఆ తేడాకి రాయి ఆనుకుని ఉన్న కణాల మీది సన్నటి వెంట్రుకలు వంగుతాయి, ఆ కబురు మెదడుకి చేరుతుంది. పైన ఏది కింద ఏది అన్న ఆనవాలు కూడా వీటి వల్లే. మనకూ ఇలాంటివి ఉన్నాయండోయ్, కాకపోతే ఇసుక కంటే సన్నటి రేణువులు. అవి చోటు తప్పితేనే పక్క మీద అటు నుంచి ఇటు తిరిగినప్పుడు గిర్రున కళ్లు తిరిగే జబ్బు వస్తుంది. సొరచేపలకూ రేణువులే, రాళ్లుండవు.

ఇక ఆకారం. ఈసారి రాయి దొరికితే పారేయకుండా కడిగి వెలుతురులో తిప్పి చూడండి. ఒకవైపు బొడిపెలు బొడిపెలుగా గరుకుగా ఉంటుంది. రెండోవైపు నున్నగా ఉండి, దాని మీద తోకకప్ప ఆకారంలో ఒక గాడి కనిపిస్తుంది, వెడల్పాటి తల, వంకర తిరిగిన తోక. వినికిడి కణాలు ఆనుకునేది ఆ గాడి దగ్గరే. గొరక జాతి మొత్తానికీ ఆ తోకకప్ప ఉంటుంది, కానీ ఏ రకానికి ఆ రకం వంపు వేరు, తెలిసినవాళ్లు రాయి చూసి చేప పేరు చెప్పేస్తారు. సముద్రపు పక్షులూ సీల్ జంతువులూ ఏం తింటున్నాయో తెలుసుకోవాలంటే పరిశోధకులు వాటి రెట్టలోనో కక్కులోనో ఈ రాళ్లు వెతికేది ఇందుకే. కండ, ముల్లు అరిగిపోయినా రాయి చాలాసార్లు మిగులుతుంది, దాని కొలతని బట్టి మింగిన చేప ఎంత పొడుగో కూడా సుమారుగా లెక్కగడతారు. (కడుపులో యాసిడ్‌కి రాయి అంచులు కొంత అరుగుతాయి, ఆ తరుగు కూడా లెక్కలో వేసుకోవాల్సిందే.)

సైజు దగ్గరే అందరూ పొరబడతారు, పెద్ద చేపకి పెద్ద రాయి ఉంటుందనుకుంటారు. ఒకే రకం చేపల్లో అది చాలావరకు నిజమే, రకం మారితే ఆ లెక్క పనికిరాదు. మనిషంత కొమ్ముకోనాం చెవిలో రాయి కొన్ని మిల్లీమీటర్లే, సూర చేపదీ ఒంటితో పోలిస్తే చిన్నదే, అందుకే మీకు దొరకలేదు. గొరక కథ వేరు. అది ఒడ్డుకి దగ్గరగా, అడుగున, బురదనీళ్లలో తిరిగే చేప, అక్కడ కంటికన్నా చెవికే పని ఎక్కువ. పైగా వాగుడుకాయ. కండరాలతో గాలితిత్తిని (నీటిలో తేలడానికి పొట్టలో ఉండే గాలిసంచి) గబగబా కొట్టి గుడగుడమని శబ్దం చేస్తుంది, గుడ్లు పెట్టే కాలంలో మరీనూ. అంత మాట్లాడే జాతికి పెద్ద చెవిరాళ్లు ఉండటంలో వింతేమీ లేదు. సూర, కొమ్ముకోనాం లాంటివి కంటి చూపుతో వేటాడతాయి, రయ్యిన దూసుకెళ్తూ ఒక్కసారిగా మలుపు తిరుగుతాయి, ఆ విసురుకి బరువైన రాయి ఉంటే ఇబ్బందేనని కొందరు శాస్త్రవేత్తల ఊహ.

ఒకే రకంలో కూడా ఒక తిరకాసుంది. ఒకే పొడుగున్న రెండు చేపల్లో నెమ్మదిగా పెరిగినదాని రాయే సాధారణంగా ఎక్కువ బరువు తూగుతుంది. చేప ఎదుగుదల ఆగినా రాయి మీద పొర పడటం ఆగదు మరి, ఒకసారి పడిన పొర మళ్లీ ఒంట్లోకి కరిగిపోదు కూడా. తిండి దొరకనప్పుడు పొలుసులోని కాల్షియాన్ని చేప వాడేసుకుంటుంది, రాయి జోలికి మాత్రం పోదు. ఆ పొరలు లెక్కపెట్టి వయసు చెప్పొచ్చని జర్మనీలో యోహానెస్ రైబిష్ 1899లోనే చూపించాడు. ఏడాదికో పొరే కాదు, రోజుకో సన్నటి పొర కూడా పడుతుందని జార్జియో పనెల్లా 1971లో బయటపెట్టాడు. మన సముద్రాల్లో చలికాలానికీ ఎండాకాలానికీ పెద్ద తేడా ఉండదు కాబట్టి ఏడాది పొరలు చాలా చేపల్లో స్పష్టంగా కనిపించవు, అలాంటప్పుడు, ముఖ్యంగా చిన్న చేపల్లో, ఈ రోజువారీ పొరలే ఆధారం.

ఈ లెక్క సరిగ్గా వేయకపోతే ఏమవుతుందో న్యూజిలాండ్, ఆస్ట్రేలియా వాళ్లని అడగాలి. అక్కడి లోతు సముద్రంలో ఆరెంజ్ రఫీ అని ఒక ఎర్రటి చేప ఉంది. మొదట్లో అది మామూలు చేపల్లాగే త్వరగా ఎదుగుతుందనుకుని టన్నులకి టన్నులు పట్టేశారు. తర్వాత చెవిరాయిని అడ్డంగా కోసి చూస్తే ముసలి చేపలు నూరేళ్లు దాటినవని తేలింది. ఈలోపు చాలాచోట్ల చేప అడుగంటిపోయింది.

మీ అత్తగారితో మాత్రం మీ అబ్బాయినే మాట్లాడమనండి.

ప్రశ్న: కచిడి చేప లక్షలు పలికిందని టీవీలో చూపిస్తుంటారు. ఆ రేటు తలలో రాయికేనా?
– ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: కాదు. కచిడి కూడా గొరక జాతిదే (గుజరాత్‌లో ఘోల్ అంటారు, 2023లో దాన్ని రాష్ట్ర చేపగా ప్రకటించారు), చెవిలో బ్రహ్మాండమైన రాళ్లే ఉంటాయి, కానీ డబ్బంతా దాని పొట్టలోని గాలితిత్తికి. ఎండబెట్టిన తిత్తిని చైనా, హాంకాంగ్ వాళ్లు సూపుల్లో వాడతారు. వార్తల్లో పిత్తాశయమనీ ఊపిరితిత్తులనీ ఏదో ఒకటి చదివేస్తుంటారు, కచిడికి ఊపిరితిత్తులేమిటండీ!

ప్రశ్న: పులస పేరుతో ఎక్కడెక్కడి చేపనో అంటగడుతున్నారు. చెవిరాయి చూసి అసలుదో కాదో చెప్పొచ్చా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: బజారులో చెప్పలేం, రాయి ఆకారం చూసీ చెప్పలేం. పులస అయినా, సముద్రంలో పట్టిన ఇలస అయినా, ఒడిశా నుంచి ఐసు పెట్టెలో వచ్చినదైనా ఒకే జాతి, రాయి కూడా పల్చగా, ఒక కొస ముక్కులా పొడుచుకొచ్చి ఒకేలా ఉంటుంది.

ల్యాబులో అయితే కొంత దారి ఉంది. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం అనే మూలకం ఎక్కువ, మామూలుగా నదినీటిలో తక్కువ. రాయిలో పొర పడేటప్పుడు కాల్షియం చోట కొద్దికొద్దిగా స్ట్రాన్షియం కూడా చేరుతుంది. రాయిని నడిమికి అరగదీసి, మధ్య నుంచి అంచు దాకా ఆ రెండిటి పాళ్లు కొలిస్తే చేప ఎప్పుడు ఉప్పునీటిలో ఉందో ఎప్పుడు మంచినీటికి వచ్చిందో వరసగా కనిపిస్తుంది. అయితే నిన్నగాక మొన్న గోదావరిలోకి ఎక్కిన చేపలో ఆ కొత్త పొర మరీ సన్నం, దొరకడం కష్టం. బెంగాల్‌లోని హుగ్లీ నదిలో పట్టిన చేపా నది ఎక్కిందే కాబట్టి స్ట్రాన్షియం ఒక్కదాన్ని నమ్ముకుంటే అదీ పాసైపోతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు, ఆ రిపోర్టు చేతికొచ్చేలోగా పులుసు అయిపోతుంది.

ప్రశ్న: మాకు చేపల చెరువులున్నాయి. బొచ్చె, శీలావతి తలలు ఎన్ని కొట్టినా గొరకలో లాంటి రాయి కనపడదు. చెరువు చేపకి చెవుడా?
– ఒక రైతు, కైకలూరు

జవాబు: చెవుడు కాదు, గొరక కంటే బాగానే వింటాయి. వీటికీ ఆరు రాళ్లున్నాయి, కానీ గొరకలో పెద్దదైన జత వీటిలో సన్నటి పుల్లలా ఉంటుంది, వేరే జత కాస్త పెద్దదై పల్చటి బిళ్లలా ఉంటుంది, అదీ చిన్నదే. సముద్రపు జెల్లల్లో మూడో జత పెద్దది, దాదాపు గుండ్రంగా ఉంటుంది. మీ చేపలకి ఇంకో సదుపాయం ఉంది. మెడ దగ్గరి వెన్నుపూసల నుంచి ఏర్పడిన చిన్న చిన్న ఎముకలు గొలుసులా ఉండి గాలితిత్తి అదురుని నేరుగా చెవికి చేరవేస్తాయి. 1820లో జర్మనీ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ వెబర్ వీటిని వర్ణించాడు, అందుకే వెబర్ ఎముకలంటారు. చేపలో చెవి ఎముక అని నిజంగా దేన్నైనా అనాలంటే వీటినే అనాలి. గట్టు మీద బరువైన అడుగు పడగానే చేప చెదిరేది ఊరికే కాదు.

ప్రశ్న: చెవిరాయి అరగదీసి తాగితే కిడ్నీలో రాళ్లు కరుగుతాయట, నిజమేనా?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం

జవాబు: రాయికి రాయే మందన్న నమ్మకం చాలా దేశాల్లో ఉంది. మీరు తాగేది సుద్దపొడి లాంటి కాల్షియం కార్బొనేట్, అది కిడ్నీలో రాయిని కరిగించదు. స్కాన్ తీయించుకుని డాక్టరుకి చూపించండి.