ఆయిలు గొట్టాన్ని కేబిన్‌లోకి రానివ్వకు

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

నీవు పాత పది టైర్ల లారీ కొన్నావనీ, పనిచేయని మీటర్లన్నీ తీయించి కొత్తవి బిగిస్తున్నావనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో అందరమూ ఒకరి బండి తోలినవాళ్లమే. సొంత బండి కొన్నవాడివి నీవొక్కడివే. ఆ మాట వినగానే నాకు కళ్లు చెమర్చాయి. అయితే కరెంటు మీటర్లు అబద్ధం చెబుతాయని ఎవరో అంటే అన్నీ మెకానికల్‌వే, అంటే వైరు బదులు ఇంజిను నుంచి వచ్చే గొట్టంతో ముల్లు కదిలేవే, పెట్టిస్తానన్నావట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

టర్బో ఇంజినులోకి తోసే గాలి ఒత్తిడిని చూపే టర్బో మీటరు మెకానికల్‌దే పెట్టించు, ఆ గొట్టంలో వచ్చేది గాలి మాత్రమే. నీటి వేడి మీటరు కూడా మెకానికల్‌దే మేలు. బ్యాటరీ చచ్చినా ముల్లు కదులుతుంది. దాని సన్నటి గొట్టాన్ని మాత్రం కోయకూడదు, మడవకూడదు. ఎక్కువైతే చుట్ట చుట్టి కట్టాలి. రేడియేటరులో నీళ్లు పోయి, ఇంజిను వైపు చివర వేడిని పసిగట్టే బుడిపె గాలిలో తేలితే, ఇంజిను కాలిపోతున్నా ముల్లు కిందికి దిగుతుంది. ఏ రకం మీటరైనా అంతే. ముల్లు ఒక్కసారిగా దిగితే చల్లబడిందని అనుకోకుండా బండి ఆపు.

ఆయిలు ప్రెషరు మీటరు మాత్రం మెకానికల్‌ది వద్దు. దానిలో ఇంజిను ఆయిలే గొట్టం గుండా నీ మోకాళ్ల ముందుకు వస్తుంది.

1994లో నేను చీమకుర్తి నుంచి గ్రానైటు రాళ్లు మద్రాసు రేవుకు తోలేవాడిని. అలాంటి మీటరును నేనే, నా చేతులతోనే, బిగించుకున్నాను. కేబిన్ ముందు రేకుకు రంధ్రం చేసి గొట్టాన్ని దూర్చాను గాని, రేకు అంచు గొట్టాన్ని కోయకుండా ఆ రంధ్రానికి వేసే రబ్బరు బుష్ వేయలేదు, తరువాత వేద్దామనుకున్నాను. బండి అదురుకు రేకు అంచు ఆ గొట్టాన్ని నెలల తరబడి కోస్తూనే ఉంది. ఒక రాత్రి నెల్లూరు దాటాక ఆయిలు వాసన వచ్చింది, ముల్లు కొంచెం దిగింది. మీటరే పాడైందనుకుని అద్దం మీద వేలితో కొట్టి ముందుకే పోయాను. నాయుడుపేట ఇంకా కొన్ని మైళ్లుందనగా గొట్టం తెగి, కాగిన ఆయిలు పక్కనే కాళ్లు చాపుకుని నిద్రపోతున్న క్లీనరు పిల్లవాడి పిక్క మీద చిమ్మింది. వాడికి పదహారేళ్లు. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అప్పుడైనా ఇంజిను ఆపి, ఆ రాగి గొట్టాన్ని ఇంజిను దగ్గరే మడిచి నలిపి, డబ్బాలో ఉన్న ఆయిలు పోసుకుని బయలుదేరి ఉంటే డాక్టరు దగ్గరికి చేరేవాళ్లమే. వాడి ఏడుపు వింటూ నేను ఆక్సిలరేటరు తొక్కాను. రెండు మైళ్లు పోకముందే ఆయిలు లేక ఇంజిను పట్టేసింది. వాడిని ఎత్తుకుని చీకట్లో రోడ్డు మీద నిలబడి, వచ్చే పోయే లారీలకు చేయి ఊపాను. క్రాంకు, బేరింగుల ఖర్చు ఓనరుకు నా జీతంలోంచి తీర్చేశాను. వాడి కాలి మీది మచ్చను ఏం చేయగలను?

అందుకే ఆయిలు ప్రెషరుకు కరెంటు మీటరు పెట్టించు. నీ బండి 24 ఓల్టులది, 12 ఓల్టుల మీటరు తేవద్దు. ఇంజిను దగ్గర ప్రెషరును పసిగట్టే సెన్సారూ, మీటరూ ఒకే జతవి కావాలి. 10 నుంచి 180 ఓముల సెన్సారుకు 240 నుంచి 33 ఓముల మీటరు కలిపితే లెక్క తలకిందులవుతుంది, ప్రెషరు పెరిగితే ముల్లు దిగుతుంది. ఒకే వైరున్న సెన్సారైతే దాని మరలకు ఆయిలు కారకుండా వేసే తెల్ల టేపు దట్టంగా చుట్టనివ్వకు, దానికి ఎర్త్ అందేది ఆ మరలలోంచే. నీకు చెప్పినవారి మాటలోనూ నిజముంది: వైరు తెగితే కొన్ని మీటర్లలో ముల్లు సున్నాకు పడుతుంది, కొన్నింటిలో ప్రెషరు నిండుగా ఉన్నట్టు పైకెక్కి కూర్చుంటుంది. బిగించిన రోజే వైరు ఊడదీసి నీ మీటరు ఏ రకమో చూసుకో. దానికి తోడు వేరే ప్రెషరు స్విచ్చుతో ఎర్రలైటు, బజరు పెట్టించు. ఖర్చెక్కువని అంటే నాకు నిజంగా కోపం వస్తుంది, ఆ డబ్బు నేనిస్తాను.

మెకానిక్కు అప్పటికే మెకానికల్ ఆయిలు మీటరు బిగించి ఉంటే బండి కదిలించవద్దు, నాకు ఫోను చెయ్యి. ఆదివారం పొద్దుటి బస్సుకు రబ్బరు బుష్‌లు తీసుకుని నేనే వస్తాను. నీతో వచ్చే క్లీనరు అబ్బాయి ఎంతటివాడో, రాత్రిళ్లు ఎక్కడ పడుకుంటాడో కూడా చెప్పు.

మీ పెదనాన్న