పాత పికప్ ట్రక్ కరెంటు తిప్పలు: పార్టులు కొనేముందు మల్టీమీటర్ కొను తమ్ముడూ

తమ్ముడూ, నీ మెసేజ్ మొత్తం చదివా. 1995 ఫోర్డ్ ఎఫ్-150 కొన్నావు, రెండు రాత్రులు కదపకుండా ఉంచితే పొద్దున సెల్ఫ్ తిరగట్లేదు, సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైట్లు డల్ అయిపోతున్నాయి, బ్రేక్ తొక్కితే ముందు పార్కింగ్ లైట్లు, డ్యాష్‌బోర్డు మీటర్ల వెనక లైట్లు సన్నగా వెలుగుతున్నాయి, షాపువాళ్ళేమో ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించి బ్యాటరీని చార్జ్ చేసేది) మార్చి వైరింగ్ అంతా కొత్తది వెయ్యాలన్నారు, ఆ ఎస్టిమేట్ చూసి నీకు నిద్ర పట్టట్లేదు. ముందు ఆ ఆల్టర్నేటర్ ఆర్డర్ ఆపు. ఒక్క రీడింగ్ కూడా తీయకుండా అంత డబ్బు ఎలా పెడతావు? కొత్తగా వచ్చిన మీ అందరితో ఇదే ఇబ్బంది, జీతం డాలర్లలో పడేసరికి ఖర్చు కూడా డాలర్లలోనే పోతోందన్న సంగతి ఒక ఏడాది దాకా తలకెక్కదు.

నాకూ ఎక్కలేదు, అందుకే చెప్తున్నా. వై టూ కే రోజుల్లో, అంటే 1999, 2000 ప్రాంతంలో మిషిగన్ వచ్చా, మనవాళ్ళంతా కరోలా, క్యామ్రీ కొంటుంటే నేను 1994 ఎఫ్-150 కొన్నా, 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్, మాన్యువల్ గేర్లు. మొదటి చలికాలంలోనే ఒకరోజు టక్ మని ఆగింది. బ్యాటరీ అనుకుని కొత్త బ్యాటరీ వేశా, వారం బాగానే నడిచి మళ్ళీ మొదటికొచ్చింది. ఆఫీసులో ఒకాయన ఆల్టర్నేటర్ అన్నాడు, అదీ మార్పించా. తర్వాత స్టార్టర్ మోటార్, అదే సెల్ఫ్. అన్నీ కలిపి ట్రక్ కొన్న ధరలో సగం దాకా పోయింది. అప్పట్లో డాలర్ 43, 44 రూపాయలు, ప్రతి బిల్లూ రూపాయల్లోకి లెక్కేసుకునేవాణ్ణి, ఆ డబ్బుతో మా నాన్న చేనుకి కొత్త బోరు మోటారు వచ్చేది. ఇవాళ్టికీ ఆ లెక్క నన్ను వదల్లేదు.

అసలు జబ్బు ఏంటంటే బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ బ్లాక్‌కి వెళ్ళే గ్రౌండ్ కేబుల్. గ్రౌండ్ అంటే మన ఎర్తే. ఇక్కడ రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు కదా, ఆ ఉప్పునీళ్ళు కేబుల్ చివర్లోంచి ఇన్సులేషన్ లోపలికి పాకి రాగి అంతా చిలుం పట్టేస్తుంది, పైకి నల్లగా నిగనిగలాడుతూనే ఉంటుంది. మా పక్కింట్లో కార్ల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఉండేవాడు, ఆయన మల్టీమీటర్ (ఓల్టులు, ఆంపియర్లు, ఓమ్స్ కొలిచేది) తెచ్చి ఒక ముల్లు బ్యాటరీ మైనస్ బొడిపె మీద, ఇంకోటి ఇంజన్ బ్లాక్ మీద పెట్టి నన్ను సెల్ఫ్ కొట్టమన్నాడు. ఒక ఓల్టు దాటి చూపించింది. అక్కడ 0.2, మహా అయితే 0.3 దాటకూడదు. అంటే నేను కొన్న మూడు పార్టులూ అనవసరం, ఒక్క కేబుల్ మారిస్తే సరిపోయేది.

నువ్వు రాశావు, "కంటిన్యూయిటీ చూశా అన్నా, సున్నా ఓమ్స్ వస్తోంది, వైర్లు బాగానే ఉన్నాయి" అని. వైరు పూర్తిగా తెగలేదని మాత్రమే చెప్పే ఆ పరీక్షని నమ్మకు. తాడులో ఒక్క పోగు మిగిలినా చూడ్డానికి తాడు ఉన్నట్టే ఉంటుంది, నీళ్ళ బిందె కట్టి బావిలోంచి లాగితేనే దాని సంగతి తెలుస్తుంది. మీటర్ ఓమ్స్‌లో పంపే కరెంటు అతి తక్కువ, స్టార్టర్ లాగేదేమో వందకు పైన ఆంపియర్లు. అందుకని లోడ్ మీద, అంటే కరెంటు గట్టిగా లాగుతుండగా, ఓల్టేజ్ డ్రాపే (వైరు దారిలో ఎన్ని ఓల్టులు పోతున్నాయో) కొలవాలి. ప్లస్ వైపు కూడా ఇదే పద్ధతి: ఇంజన్ నడుస్తూ హెడ్‌లైట్లు, హీటర్ ఫ్యాన్ ఆన్‌లో ఉండగా ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించిన బోల్టుకీ బ్యాటరీ ప్లస్‌కీ మధ్య ఎంత వస్తోందో చూడు. 0.3 దాటితే ఆల్టర్నేటర్ పనిచేస్తూనే ఉంది, దారిలో వైరు తినేస్తోంది అన్నమాట. బ్యాటరీ దగ్గర ఇంజన్ ఆపి కాసేపు ఆగాక 12.6, నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. ఆల్టర్నేటర్ బోల్టు దగ్గరే 13 దాటకపోతే అప్పుడు ఆల్టర్నేటర్ని అనుమానించు, అప్పటిదాకా దాని జోలికి పోకు. ఇంకోటి, మన ఆటోనగర్‌లో చూసుంటావు, ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ కేబుల్ పీకి ఆల్టర్నేటర్ పరీక్ష చేస్తారు. నీ ట్రక్‌లో ఇంజన్ కంప్యూటర్ ఉంది, అలా పీకితే ఓల్టేజ్ ఒక్కసారి ఎగిరి అది పోవచ్చు, ఇంకో ఖర్చు.

బ్రేక్ తొక్కితే ముందు లైట్లు వెలగడం దెయ్యం పని కాదు, వెనక లైట్లకి ఎర్త్ పోయింది. వెనక బల్బులో రెండు ఫిలమెంట్లుంటాయి, ఒకటి పార్కింగ్‌కి, ఒకటి బ్రేక్‌కి. ఎర్త్ తెగిపోతే బ్రేక్ కరెంటు పార్కింగ్ ఫిలమెంట్ గుండా వెనక్కి పాకి ముందు లైట్ల ద్వారా దారి వెతుక్కుంటుంది. వెనక ఎర్త్ బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, స్టార్ వాషర్ వేసి బిగించి పైన గ్రీజు పుయ్యి. ఖర్చు ఒకటి రెండు డాలర్లు.

ఇక రాత్రిళ్ళు బ్యాటరీ దిగిపోవడం. కీ తీసేసి, తలుపు తెరిచి ఉంటే దాని లైటు స్విచ్‌ని మూసినట్టు నొక్కి ఉంచి (లేకపోతే లోపలి లైటు వెలుగుతూనే ఉంటుంది), మైనస్ కేబుల్ విప్పి, మీటర్ ఎర్ర వైరుని 10 ఆంప్స్ సాకెట్‌లో పెట్టి, ఆ కేబుల్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్యలో మీటర్ కలుపు. మీటర్ అలా ఉన్నప్పుడు మాత్రం సెల్ఫ్ కొట్టొద్దు, దాని ఫ్యూజ్ పోతుంది. కొద్ది నిమిషాలాగాక 50 మిల్లీ ఆంప్స్ లోపు ఉంటే మామూలే, రేడియో, కంప్యూటర్ మెమరీకి అంత కావాలి. అర ఆంపియర్ చూపిస్తే రోజుకి 12 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు, 65 ఆంపియర్ అవర్ల పాత బ్యాటరీకి చలిలో రెండు రాత్రులు చాలు. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ వెళ్ళు, ఏది పీకితే రీడింగ్ పడిపోతుందో దొంగ ఆ లైన్లో ఉన్నాడు. ఏది పీకినా పడకపోతే బానెట్ కింద ఆల్టర్నేటర్ వైర్లు విప్పి చూడు, లోపల డయోడ్ (కరెంటుని ఒక్క దిక్కుకే పోనిచ్చేది) పోయినా కరెంటు కారుతుంది. నా బండిలో దొంగ ఎవరంటే పాత ఓనర్ పెట్టుకున్న స్టీరియో ఆంప్లిఫయర్, ఫ్యూజ్ లేకుండా నేరుగా బ్యాటరీకి కట్టేశాడు.

ఫ్యూజ్ అంటే గుర్తొచ్చింది, ఇది బాగా విను. ట్రెయిలర్ లైట్లు కట్టినప్పుడు నా 15 ఆంప్స్ ఫ్యూజ్ మాటిమాటికీ కొట్టేస్తుంటే విసుగొచ్చి 30 పెట్టా. ఫ్యూజ్ నిలబడింది, డ్యాష్ వెనక వైరు కరిగింది. ప్లాస్టిక్ కాలే వాసన వచ్చి ఫ్రీవే పక్కన ఆపి చేతులు వణుకుతూ బ్యాటరీ కేబుల్ పీకా, లోపల మా ఆవిడ, చంటిపిల్ల ఉన్నారు. ఫ్యూజ్ ఉన్నది వైరుని కాపాడ్డానికి. ఏ సైజు రాసుంటే అదే పెట్టు, కొట్టేస్తుంటే షార్ట్ వెతుకు. స్టార్టర్ రిలే దగ్గర నుంచి బయల్దేరే ఫ్యూజిబుల్ లింకులు (ఫ్యూజులా పనిచేసే వైరు ముక్కలు) కూడా అంతే, కాలిపోతే వాటి స్థానంలో మామూలు వైరు వెయ్యొద్దు.

రీవైరింగ్ నువ్వే చేసుకోవచ్చు, నేను చేసుకున్నా, ఆ వైరింగ్ ఇప్పటికీ నడుస్తోంది. ఇక్కడ షాపుల్లో గంట కూలీ 100 డాలర్ల పైమాటే, వైరింగ్ పని గంటల్లో తేలదు, నీ ట్రక్ విలువ అక్కడే దాటిపోతుంది. మొత్తం వైరింగ్ పీకి కిట్ కొని వేద్దామనుకోకు. చాసిస్ ఎడమ పట్టీ వెంబడి వెనక్కి వెళ్ళే వైర్లే ఉప్పుకి ముందు పోతాయి, అక్కడితో మొదలెట్టు. ఒక సర్క్యూట్ పూర్తయ్యి లైటు వెలిగాకే రెండోది ముట్టుకో, పాత రంగు ఏదైతే కొత్త వైరు కూడా అదే రంగు తీసుకో, కోసేముందు ఫోటో తీసి టేపు మీద పేరు రాసి అంటించు. ఇంటి వైరింగ్ వైరు చవగ్గా దొరుకుతుందని వాడతారు కొందరు, ఇక్కడ ఇళ్ళలో వాడేది ఒంటి తీగ, బండి కుదుపులకి విరిగిపోతుంది. సన్న పోగులున్న ఆటోమోటివ్ రాగి వైరే కొను, రాగి పూత పూసిన అల్యూమినియం వద్దు. గేజ్ నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది, 14 గేజ్ అంటే మన లెక్కలో సుమారు 2 చదరపు మిల్లీమీటర్లు. వైరు కోయకుండా నొక్కితే అతుక్కునే నీలం ప్లాస్టిక్ క్లిప్పులుంటాయి, కనబడిన ప్రతిదీ పీకి పారెయ్, నీళ్ళు లోపలికి పోయేది వాటి దగ్గరే. అతుకుల్ని మంచి క్రింపర్‌తో (నొక్కి బిగించే పట్టకారు) నొక్కి, పైన లోపల జిగురున్న హీట్ ష్రింక్ గొట్టం (వేడికి ముడుచుకునేది) తొడిగించు. 1994 నుంచి ఈ ట్రక్కుల్లో స్టీరింగ్ ఎయిర్‌బ్యాగ్ ఉంది, ఆ వైర్ల దగ్గర టెస్ట్ ల్యాంప్ (కరెంటు ఉందో లేదో వెలిగి చెప్పే బల్బు) పెట్టొద్దు. వైరింగ్ డయాగ్రమ్ కచ్చితంగా నీ సంవత్సరానిదే చూడు, డబ్బులు పెట్టక్కర్లేదు, చాలా ఊళ్ళ లైబ్రరీ కార్డుతో రిపేర్ డేటాబేస్ ఫ్రీగా తెరుచుకుంటుంది.

ఒక్కటి మాత్రం ఇవాళే చూడు. క్రూయిజ్ కంట్రోల్ (కాలు తీసినా స్పీడు నిలిపి ఉంచేది) ఉంటే బ్రేక్ మాస్టర్ సిలిండర్ (బ్రేక్ ఆయిల్ డబ్బా కింద ఉండేది) మీద ఉండే స్విచ్ విషయంలో 2005లో ఫోర్డ్ కంపెనీ 1994 నుంచి 2002 మోడళ్ళు సుమారు 38 లక్షల బండ్లు రీకాల్ చేసింది, బ్రేక్ ఆయిల్ లోపలికి కారి, ఆపి ఉంచిన బండికి కూడా నిప్పంటుకునే ప్రమాదం ఉంది. డీలర్‌కి విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) చెప్పి ఆ పని జరిగిందో లేదో కనుక్కో. తేలేదాకా ఆ స్విచ్ ప్లగ్ పీకి ఉంచు, ఇంటికి ఆనుకున్న గ్యారేజీలో పెట్టకు.

రూల్స్ సంగతి సైట్లలో చూసుకో. మిషిగన్‌లో ఏటా తనిఖీ లేదు కానీ లైటు వెలక్కపోతే పోలీసులు టికెట్ (జరిమానా) ఇస్తారు. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో రిపేర్లు చెయ్యనిస్తారో లేదో లీజు చదువు. ఆ ట్రక్‌తో వీకెండ్లో సామాను తోలి సంపాదిద్దామనుకుంటున్నావట, హెచ్ వన్ వీసా మీద ఉండి లాయర్‌ని అడక్కుండా దిగకు.

ఇప్పుడు నువ్వు కొనాల్సింది పాతిక, ముప్ఫై డాలర్ల మీటర్, ఒక టెస్ట్ ల్యాంప్, అంతే. బ్యాటరీ, ఆల్టర్నేటర్ టెస్ట్ ఆటోజోన్ లాంటి షాపుల్లో ఫ్రీగా చేస్తారు, వాడుకో. శనివారం ఈ రీడింగులు తీసి నాకు పంపు: బ్యాటరీ మైనస్‌కీ బ్లాక్‌కీ మధ్య సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎంత, ఆల్టర్నేటర్ బోల్టు దగ్గర ఎంత, రాత్రి లీకేజీ ఎంత. అవి చూసి ఆల్టర్నేటరే పోయిందని తేలితే అప్పుడు కొందువుగాని, కానీ బిల్లులో కోర్ చార్జ్ అని కొంత డిపాజిట్ పట్టుకుంటారు, పాతది పారెయ్యకుండా అదే డబ్బాలో పెట్టి రసీదుతో సహా వెనక్కిస్తే ఆ డబ్బు తిరిగొస్తుంది.